పెరటి గదిలో పాట



హైదరాబాదు బేగం బజార్‌లో కంచు గిన్నె కొనేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? గిన్నె నచ్చినంత మాత్రాన బేరం మొదలుపెట్టరు. ముందు దాన్ని ఎడమచేతి వేళ్ల కొసల మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో అంచు మీద ఒక్కటి కొడతారు. ఖంగుమని మోగి, ఆ మోత సన్నగా సాగి సాగి ఆగితే గిన్నె మంచిది. మోత మధ్యలో తెగినా, జీర పోయినా ఎక్కడో కంటికి కనబడని పగులుందన్న మాట. ఇక బేరం లేదు, ఆ గిన్నె తిరిగి అరలోకి వెళ్లిపోతుంది.

ఇంట్లో రికార్డింగ్ గది పెట్టుకోవాలనుకునే సంగీతకారుడు చేసే మొదటి పని కూడా ఇలాంటిదే. సామాను తీసేసిన ఖాళీ గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొడతాడు. ఎదురెదురు గోడల మధ్య ఆ చప్పుడు బంతిలా కొట్టుకుని టరటరమని వినబడితే, ఆ గదికి చికిత్స కావాలని అర్థం. గిన్నెలో మోత సాగాలి, గదిలో మోత ఆగాలి. తేడా అంతే, పరీక్ష పెట్టేది రెండుచోట్లా చెవే.

ఈ రోజు మాట్లాడుకునేది అలాంటి గదుల గురించి. రాక్ సంగీతం వాయించినవాళ్లు పెద్ద స్టూడియోలు వదిలి ఇంట్లో, కారు షెడ్డులో, పడకగదిలో, పెరట్లో పాటలు ఎలా రికార్డు చేసుకున్నారన్నది ఒక చరిత్ర. అందులో లండన్ ఉంది, న్యూజెర్సీ ఉంది, మన పక్కనే మద్రాసులోని కోడంబాక్కం ఉంది. మన ఆబిడ్స్ కూడా ఉంది. ఆబిడ్స్‌తోనే మొదలుపెడదాం.

జనరల్ పోస్టాఫీసుకు కూతవేటు దూరంలో చిరాగ్ అలీ లేన్ ఉంది. ఇవాళ ఆ సందులో నడిస్తే మొబైల్ దుకాణాల సందడి, బండ్ల హారన్లు తప్ప ఇంకేవీ చెవిన పడవు. 1933 ప్రాంతంలో అక్కడ మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి సొంతంగా ఒక రేడియో కేంద్రం నడిపాడు. దాని ప్రసార శక్తి 200 వాట్లు. అంటే వంద వాట్ల బల్బులు రెండింటికి అయ్యే కరెంటు. పాలకుల ఆజ్ఞ లేదు, పెద్ద భవనం లేదు. ఒక సందు, ఒక ట్రాన్స్‌మిటర్, ఒక మనిషి పట్టుదల. 1935 ఫిబ్రవరి 3 నుంచి నిజాం ప్రభుత్వం చేతుల్లో అది దక్కన్ రేడియో అయింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. హైదరాబాదులో రేడియో అనేది దర్బారులో కాక, ఒక సందులో ఒక తపాలా ఉద్యోగి పూనికతో మొదలైందన్న సంగతి ఈ నగరం ఇంకాస్త గర్వంగా చెప్పుకోవాలి.

సరిగ్గా ఆ తరంలోనే అమెరికాలో లెస్ పాల్ అనే గిటార్ వాద్యకారుడు అదే పట్టుదలతో ఉన్నాడు. 1940ల్లో హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీనే స్టూడియోగా మార్చుకున్నాడు. అప్పటికి టేపు లేదు. మెత్తని పూత పూసిన పళ్లెం మీద సూదితో గాడి గీసి పాటను ఎక్కించేవారు. ఆ పళ్లెం వణకకుండా నిలకడగా తిరగాలి. అందుకు ఆయన క్యాడిలాక్ కారు ఇంజన్‌లోని ఫ్లైవీల్ తెచ్చి బిగించాడు. ఒక పళ్లెం మీద ఒక గిటార్ వరస వాయించి ఎక్కించేవాడు. దాన్ని మోగిస్తూ, దాంతోపాటు రెండో వరస వాయించి, రెండూ కలిపి ఇంకో పళ్లెం మీదికి. ఆ మీద మూడోది. ఏడో వరసలో వేలు జారితే ఆ పళ్లెం పక్కన పడేసి, ఆరు వరసలున్న పళ్లెం మోగిస్తూ ఏడోది మళ్లీ వాయించాలి. అలా ఒక్కడే ఎనిమిది గిటార్లు వాయించిన ‘లవర్’ అనే రికార్డు 1948లో వచ్చింది. మరుసటి ఏడాది గాయకుడు బింగ్ క్రాస్‌బీ ఆయనకు ఒక యాంపెక్స్ టేపు యంత్రం బహుమతిగా ఇచ్చాడు. లెస్ పాల్ దానికి అదనంగా ఒక హెడ్ బిగించి, ఉన్న శబ్దం మీద కొత్త శబ్దం ఎక్కించే పద్ధతిని టేపుమీదికి తెచ్చాడు. ఇవాళ ఫోనులో పిల్లలు కూడా ‘ట్రాక్ మీద ట్రాక్’ అంటూ వాడేస్తున్న పద్ధతికి పునాది ఆ కారు షెడ్డులో పడింది.

ఇక లండన్ కథ. ఇది బేగం బజార్ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆ పాత గల్లీల్లో కింద కొట్టు, పైన కాపురం. మెట్లు ఇరుకు, గోడలు ఉమ్మడి, ఒకరింట్లో పోపు పెడితే ఇంకొకరింట్లో తుమ్ములు. లండన్‌లో 304, హాలోవే రోడ్ సరిగ్గా అలాంటి ఇల్లు. కింద తోలు సామాన్ల దుకాణం, పైన మూడంతస్తుల్లో జో మీక్ అనే రికార్డిస్టు అద్దెకు ఉండేవాడు. ఆయన ఇల్లంతా స్టూడియోనే. వయొలిన్ల వాళ్లను మెట్ల మీద కూర్చోబెట్టేవాడు. గొంతుకు కాస్త మోత కావాలంటే పాడేవాళ్లను స్నానాల గదిలోకి పంపేవాడు, ఎందుకంటే ఆ పలకల గోడలకు మోత ఎక్కువ. చప్పుడు మితిమీరినప్పుడు కింద దుకాణం నడిపే ఇంటి యజమానురాలు చీపురు కర్రతో పైకప్పు మీద పొడిచేదట.

ఆ ఇంట్లోనే 1962లో టోర్నడోస్ బృందం బాణీ ‘టెల్‌స్టార్’ పుట్టింది. అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లిన తొలి బ్రిటిష్ బృందం వాళ్లే. బీటిల్స్ అమెరికాలో అడుగుపెట్టడానికి ఏడాది ముందటి మాట ఇది. 1964లో హనీకోంబ్స్ బృందం ‘హ్యావ్ ఐ ద రైట్’ పాటకు డోలు దెబ్బ ఇంకా బరువుగా కావాలనిపించి, బృందమంతటినీ మెట్ల మీద కాళ్లతో దబదబా తొక్కించాడు. సైకిల్ తొక్కేటప్పుడు ప్యాంటు అంచు బిగించుకునే క్లిప్పులుంటాయే, వాటితో మెట్ల పక్క కమ్మీలకు మైకులు బిగించి ఆ చప్పుడు పట్టాడు. ఆ పాట ఇంగ్లండులో మొదటి స్థానం చేరింది. ఇంటి మెట్లు వాద్యమయ్యాయి.

ఈ ఇళ్లలో స్టూడియోల్లో లేనిది ఏముందని అడగొచ్చు. యంత్రాలు తక్కువే, గోడలు పల్చనే. కానీ గడియారం లేదు. స్టూడియోకి గంటకింత అద్దె. వాద్యకారులకు కాల్‌షీటు లెక్కన డబ్బు. పల్లవిలో ఒక గమకం కుదరలేదనిపించినా, కుదిరే దాకా కూర్చునే వీలుండదు. ఇంట్లో అర్ధరాత్రి లేచి ఇంకోసారి పాడుకోవచ్చు. నచ్చకపోతే చెరిపేయొచ్చు, వారం తర్వాత మళ్లీ మొదలుపెట్టొచ్చు. బీటిల్స్ విడిపోతున్న రోజుల్లో పాల్ మెకార్ట్నీ చేసింది అదే. నాలుగు ట్రాకుల స్టూడర్ యంత్రం ఒకటి ఇంటికి తెప్పించుకుని, మిక్సర్ బల్ల కూడా లేకుండా మైకును నేరుగా యంత్రం వెనకే గుచ్చి, అన్ని వాద్యాలూ తానే వాయించుకున్నాడు. ఆ ఆల్బమ్ 1970 ఏప్రిల్‌లో విడుదలైంది.

స్టూడర్ లాంటి యంత్రాలు లక్షాధికారుల ఇళ్లకే వెళ్లేవి. మామూలు మనిషి గుమ్మం ఎక్కింది మాత్రం క్యాసెట్టు.

క్యాసెట్టు సంగతి మనకు తెలియనిదేం కాదు. ఎనభైల్లో ఆబిడ్స్, కోఠీ గల్లీల్లో పాటల చీటీ పట్టుకెళ్లి ఖాళీ క్యాసెట్టు ఇస్తే, రెండు రోజుల్లో మనకు నచ్చిన పాటలు వరసగా ఎక్కించి ఇచ్చే దుకాణాలుండేవి. ఆ క్యాసెట్టు టేపు మీద నిజానికి నాలుగు గీతలుంటాయి. ఒకవైపు వింటున్నప్పుడు రెండు గీతలు, తిప్పి పెడితే తక్కిన రెండూ పని చేస్తాయి. 1979లో జపాన్ కంపెనీ టియాక్ తెచ్చిన 144 పోర్టాస్టూడియో ఈ లెక్కను మార్చేసింది. నాలుగు గీతలనూ ఒకే దిక్కుగా, నాలుగు వేర్వేరు ట్రాకులుగా వాడింది. నాణ్యత పెరగడానికి టేపును రెట్టింపు వేగంతో తిప్పింది. ఒక గీత మీద గిటార్, రెండో గీత మీద గొంతు, మిగతా రెండింటి మీద ఇంకేదైనా. అలా ఎక్కించిన క్యాసెట్టును ఇంట్లో టేప్‌రికార్డర్‌లో పెడితే రెండు ట్రాకులు సగం వేగంతో మూలుగుతాయి. తిప్పి పెడితే తక్కిన రెండూ వెనక నుంచి ముందుకు పాడతాయి.

1982 జనవరి 3న న్యూజెర్సీ రాష్ట్రంలో కోల్ట్స్ నెక్ అనే ఊళ్లో, అద్దె ఇంటి పడకగదిలో రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఈ యంత్రం ముందు కూర్చున్నాడు. రెండు మామూలు షూర్ మైకులు, ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గాన్. బృందానికి నేర్పడానికి ముసాయిదాగా పాడుకున్న పాటలవి. తర్వాత స్టూడియోలో బృందంతో మళ్లీ పాడి చూస్తే, ఆ గదిలోని ఒంటరితనం ఎంత వెతికినా దొరకలేదు. చివరికి కొన్ని వారాలుగా పెట్టె కూడా లేకుండా ఆయన జేబులో తిరిగిన ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా అదే ఏడాది సెప్టెంబరు 30న బయటికి వచ్చింది. ఆ ఆల్బమ్‌లో టేపు బుస వినబడుతుంది. అది లోపమనిపించదు. గది ఊపిరిలా ఉంటుందది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తెలుగు సినిమా పాట చాలా ఏళ్లు మద్రాసులోనే పుట్టింది. అక్కడి కోడంబాక్కంలో ఆర్.కె. శేఖర్ అనే సంగీత దర్శకుడు మలయాళ చిత్రాలకు పనిచేసేవాడు. 1976లో ఆయన పోయేనాటికి కొడుకు దిలీప్‌కు తొమ్మిదేళ్లు. ఇంట్లో మిగిలిన వాద్యాలను అద్దెకిచ్చి ఆ సంసారం నడిచింది. దిలీప్ చదువు మానేసి కీబోర్డు పట్టుకుని వాద్యబృందాల్లో చేరాడు. మన రమేశ్ నాయుడు దగ్గర వాయించాడు, రాజ్-కోటి దగ్గర వాయించాడు. పగలు సినిమా పాటలు, మిగతా సమయంలో స్నేహితులతో రాక్. డ్రమ్ములు వాయించే శివమణి తదితరులతో కలిసి ‘రూట్స్’ అనే బృందంలో కీబోర్డు అతనిదే. 1987లో ఆల్విన్ గడియారాల ప్రకటనకు బాణీ కట్టాడు. ఆల్విన్ అంటే ఒకప్పుడు మన సనత్‌నగర్‌లో ఉన్న హైదరాబాద్ ఆల్విన్. ప్రకటనల రంగంలో ఆ కుర్రాడి తొలి అడుగుల్లో మన ఊరి గడియారం టిక్కుటిక్కు ఉందన్న మాట. తర్వాత అతను ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు.

1989లో రెహమాన్ కోడంబాక్కం ఇంటి పెరట్లో ఒక స్టూడియో కట్టుకున్నాడు. పేరు పంచతన్ రికార్డ్ ఇన్. గది సిద్ధమయ్యేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. ఒక ఏసీ, ఒక అర, కింద తివాచీ. అంతే, లోపల యంత్రం అన్నది లేదు. ఆంప్లిఫయర్ లేదు, ఈక్వలైజర్ లేదు. అలా ఖాళీ గదిలో కూర్చుని ఆలోచిస్తూ ఉండిపోయేవాడినని ఆయనే తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. అప్పుడు తల్లి కరీమా బేగం తన నగలు తాకట్టు పెట్టమని ఇచ్చింది. మొదటి రికార్డర్ అలా వచ్చింది. తనకు బలం వచ్చినట్టనిపించింది అప్పుడేనని కూడా ఆయన చెప్పాడు. మన ఇళ్లలో బంగారం తాకట్టుకు వెళ్లేది పిల్లల ఫీజుకో, ఆసుపత్రికో, విత్తనాలకో. ఒక తల్లి దాన్ని టేపు యంత్రం కోసం ఇచ్చింది. దక్షిణాది సినిమా సంగీతంలో అంతకన్నా మంచి పెట్టుబడి ఇంకొకటి లేదని నిస్సంకోచంగా చెప్పొచ్చు.

మణిరత్నం ‘రోజా’ పాటలు ఆ గదిలోనే తయారయ్యాయి. సినిమా 1992 ఆగస్టు 15న వచ్చింది. సంగీతానికి రెహమాన్‌కు ముట్టింది 25,000 రూపాయలు. తెలుగులో రాజశ్రీ పాటలు రాశాడు. మిన్‌మిని గొంతు, మన బాలు గొంతు ఇంటింటా మోగాయి. ఆ క్యాసెట్టు మొదటిసారి విన్నవాళ్లకు ఒక కొత్తదనం చెవికి తగిలింది. అంతకుముందు పాటల్లో వాద్యాలన్నీ ఒక హాలులో కలిసి మోగుతున్నట్టుండేవి. ఇక్కడ ప్రతి వాద్యమూ విడిగా, దగ్గరగా, చెవి పక్కనే ఉన్నట్టుంది. డోలు దెబ్బ కింద లోతు ఉంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం ఉంది. దానికి కారణం పెద్ద యంత్రాలు కావు, ఆ గదిలో గడిచిన రాత్రులు. రెహమాన్ పని రాత్రిపూట. ఊరు సద్దుమణిగాక గాయకులను పిలిచేవాడు, ఒకే చరణాన్ని రకరకాలుగా పాడించుకునేవాడు, అందరూ వెళ్లాక ఒక్కడే కూర్చుని ఏరుకునేవాడు. గంటకింత అద్దె కట్టే స్టూడియోలో కొత్త కుర్రాడికి ఆ తీరిక ఎవరిస్తారు? ఆ పాటలకు జాతీయ అవార్డు వచ్చింది. 2005లో టైమ్ పత్రిక ప్రపంచంలోని పది మేటి సినిమా సంగీతాల్లో ‘రోజా’ను చేర్చింది.

సరే, ఇవాళ నాంపల్లిలోనో బేగం బజార్‌లోనో ఉన్న ఒక కుర్రాడు ఇంట్లో స్టూడియో పెట్టుకోవాలంటే? ల్యాప్‌టాప్, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మంచి మైకు, ఒక హెడ్‌ఫోన్. ఒక బల్ల మీద పట్టే ఈ సామానులో లెస్ పాల్ షెడ్డు మొత్తం ఇమిడిపోయింది. ఇబ్బందల్లా గదితోనే.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గది తీసుకోండి. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. పది అడుగుల గోడల మధ్య సెకనుకు 56 కంపనాల దగ్గరి స్వరాలు చిక్కుకుని గుమ్ముమంటాయి. పొడవూ వెడల్పూ సమానం కాబట్టి ఆ గుమ్ము రెండింతలు. కొన్ని స్వరాలు ఉరుముతాయి, పక్క స్వరాలు వినబడకుండా పోతాయి. అందుకే చదరపు గది కన్నా పదికి పన్నెండు అడుగుల గది మేలు.

చాలామంది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అవి పైస్థాయి చప్పుడును కాస్త చెదరగొడతాయే తప్ప గుమ్మును ఆపలేవు, బయటి రొదను అసలే ఆపలేవు, పైగా నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటాయి. అంతకన్నా మన ఇళ్లలో ఉన్నవే నయం. దూది పరుపును చుట్టి మూలల్లో నిలబెడితే మోత తగ్గుతుంది. పాడేవాళ్ల వెనక మందపాటి బొంత వేలాడదీస్తే గొంతు శుభ్రంగా పడుతుంది. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు ఒక గోడకు పేర్చితే, ఎత్తులు సమానంగా ఉండవు కాబట్టి చప్పుడు ఒకే వైపు తిరిగి కొట్టకుండా చెదిరిపోతుంది. ఇక రొద. నాంపల్లి స్టేషన్ రైలు కూత, పొద్దున గుడి గంట, అజాన్, తోపుడు బండి చక్రం, అర్ధరాత్రి సరుకు దించే లారీ. వీటి మధ్య మూడు నిమిషాల పాటకు మూడు నిమిషాల నిశ్శబ్దం వెతుక్కోవాలి. మే నెలలో ఫ్యాను ఆపి, కిటికీ మూసి, చెమటలు కారుతుండగా ఒక టేకు పాడి, మళ్లీ ఫ్యాను వేసుకుని విని, మళ్లీ ఆపి పాడతారు. హైదరాబాదులో ఇంట్లో రికార్డు చేసిన ఏ పాట విన్నా, దాని వెనక ఈ ఉక్కపోత ఉందని గుర్తుంచుకోవాలి.

2020 మార్చిలో ఊళ్లన్నీ తలుపులు మూసుకున్నప్పుడు, ఒకప్పుడు రెహమాన్ చేత కీబోర్డు వాయించుకున్న ఆ కోటి గారే కరోనా మీద ఒక పాట కట్టారు. చిరంజీవి, నాగార్జున, వరుణ్ తేజ్, సాయి ధరమ్ తేజ్ ఎవరి ఇంట్లో వాళ్లే ఉండి ఆ పాటలో కనిపించారు. అదే ఏడాది జనవరిలో తన అన్న ఫినియస్ పడకగదిలో చేసిన ఆల్బమ్‌తో గాయని బిల్లీ ఐలిష్ నాలుగు ప్రధాన గ్రామీ అవార్డులూ ఎత్తుకుపోయింది. ఇల్లు స్టూడియో కావడం ఇప్పుడు వింత కాదు.

కానీ ఇక్కడ ఒక వెలితి ఉంది. జో మీక్ టేపులు భద్రంగా మిగిలాయి. స్ప్రింగ్‌స్టీన్ క్యాసెట్టు చరిత్ర అయింది. ఎనభైల్లో, తొంభైల్లో మన నగరంలో గిటార్లు పట్టుకున్న కాలేజీ కుర్రాళ్లు, ఆర్కెస్ట్రా పాటగాళ్లు, చర్చి బృందాలవాళ్లు, దర్గా దగ్గరి ఖవ్వాలీ పాడేవాళ్లు ఇంట్లో టేప్‌రికార్డర్ ముందు కూర్చుని పాడుకున్నవి ఎక్కడున్నాయి? అటకల మీద, ఇనుప ట్రంకుపెట్టెల్లో, చెప్పుల డబ్బాల్లో ఉన్నాయి. చాలావాటికి బూజు పడుతోంది.

మీ ఇంట్లో అలాంటి క్యాసెట్టు ఒక్కటున్నా ఈ వారమే కిందికి దించండి. పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. తెల్లని బూజు కనబడితే మాత్రం యంత్రంలో పెట్టకుండా ముందు తెలిసినవాళ్లకు చూపించండి. శుభ్రంగా ఉంటే ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు మోగించండి. పనిచేసే టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు ఒక తీగ కలిపి ఎక్కించుకోండి. ఫైలుతోపాటు ఎవరు పాడారో, ఎవరు వాయించారో, ఏ సంవత్సరమో, ఎవరి ఇంట్లో ఏ గదిలోనో కూడా రాసి పెట్టండి. ఆ వివరం చెప్పగల పెద్దవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు, ఈ ఆదివారం వెళ్లి అడగండి.